పాతాళంలో అంగీఠీ: ముడి తేల్‌ని మండించిన తారీఖ్

రంజాన్‌కి మామూ మెహసానా నుంచి ఇంటికొచ్చారంటే మా పిల్లలందరికీ ఈద్ ముందే వచ్చేసినట్టుండేది. సంచీ నిండా ఖాఖ్రాలు తెచ్చేవారు. రాత్రి చాయ్ తాగుతూ కిస్సాలు చెప్పేవారు. అలాంటి ఒక రాత్రి, తొంభైల చివర్లో అనుకుంటా, ఆయన అన్న మాట నా జెహన్‌లో అట్లనే ఉండిపోయింది.

"మేం జమీన్ లోపల తేల్‌కి నిప్పు పెడతాం బేటా. మిగిలిన తేల్ పైకి రావాలని."

మేమంతా పగలబడి నవ్వాం. ఇంట్లో కిరసనాయిలు డబ్బా దగ్గర అగ్గిపుల్ల గీస్తే అమ్మీ చెంప పగలగొడుతుంది. ఈయనేమో తేల్ బావిలోనే నిప్పు పెడతానంటున్నారు. నానీ కూడా "ఛల్, ఝూటే" అని కొట్టిపారేసింది. మామూ నవ్వి ఊరుకున్నారు. ఆయన ఇంజనీర్ కాదు. కాంట్రాక్ట్ మీద గాలి కంప్రెసర్లు బాగుచేసే మెకానిక్. తను చేసే పని ఏమిటో ఆయనకి తెలుసు, దాన్ని సమ్‌ఝాయించే లఫ్జులే దొరికేవి కావు.

చాలా ఏళ్ళ తర్వాత ఆ లఫ్జుల కోసం నేను వెతకడం మొదలుపెట్టాను. దొరికిన తారీఖ్ ఇది. దీని చివర్లో మామూకి నేను బాకీపడ్డ ఒక జవాబు కూడా ఉంది.

ముందు మసలా ఏమిటో చూద్దాం. ముడి చమురు అనగానే పైపు పెడితే ఫౌంటెన్‌లా ఎగజిమ్మేదే మనకి గుర్తొస్తుంది. హకీకత్‌లో దునియాలో ఉన్న చమురులో పెద్ద హిస్సా అట్లా ఉండదు. నల్లగా, బంకగా, బెల్లం పాకంలా ఉంటుంది. దీన్నే భారీ ముడి చమురు అంటారు. రాతి పొరల్లో ఇసుక రేణువుల మధ్య అతుక్కుని కూర్చుంటుంది. ఎంత పెద్ద పంపు పెట్టినా, ఉన్న వంద పాళ్ళలో పదో పదిహేనో వస్తాయి, మిగతాది అక్కడే ఉండిపోతుంది. దాన్ని కదిలించాలంటే పల్చన చేయాలి. పల్చన చేయాలంటే వేడి కావాలి. చలికాలంలో పేరుకున్న నెయ్యి డబ్బాని పొయ్యి పక్కన పెట్టడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ డబ్బా వేయి మీటర్ల లోతులో ఉంది. పొయ్యిని అక్కడికి తీసుకెళ్ళేదెట్లా?

"డబ్బాలోనే కొంచెం నెయ్యిని మండిద్దాం" అన్నవాళ్ళ కథే ఈ తారీఖ్.

ఈ ఖయాల్ మొదట తేల్ కోసం పుట్టలేదు, బొగ్గు కోసం పుట్టింది. బొగ్గుని లోపలే మండించి గ్యాస్‌గా మార్చి పైకి తెచ్చుకోవచ్చు కదా అని 1868లో విలియం సీమెన్స్ లండన్‌లో సూచించాడు. 1888లో రష్యా రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ దోన్‌బాస్ బొగ్గు గనులు చూసొచ్చి ఇదే మాట రాశాడు. మూలకాల పట్టికతో బడిపిల్లలకి కూడా తెలిసిన మెండలీవే ఈయన. 1912లో బ్రిటన్‌లో విలియం రామ్సే ఇదే పథకాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాడు. ఆ ఖబర్ చదివిన లెనిన్ 1913లో ప్రావ్దాలో ఒక వ్యాసమే రాశాడు. పెట్టుబడిదారుల రాజ్యంలో ఈ పద్ధతి వస్తే లక్షల మంది గని మజ్దూర్ల రోజీ పోతుందని, కార్మికుల రాజ్యంలో వస్తే వాళ్ళ పని గంటలు తగ్గుతాయని ఆయన దలీల్. భూమి కింద పెట్టే నిప్పు గురించిన బహస్ ఆ రోజుల్లోనే 'ఫాయిదా ఎవరిది, నుక్సాన్ ఎవరిది' అనే సవాల్‌తో మొదలైందన్నమాట.

తేల్ విషయానికొస్తే, కిస్సా అమెరికాలోని ఒహాయోలో, అనుకోకుండా మొదలైంది. 1911 ప్రాంతంలో డన్ అనే ఆయన, ఎండిపోతున్న చమురు బావుల్లోకి కంప్రెసర్‌తో గాలి కొట్టి చూశాడు. లోపల దమ్ పెరిగి తేల్ ఎక్కువ రావాలన్నది ఆయన మతలబ్. వచ్చింది కూడా. లేకిన్ గాలిలో ఐదో వంతు ఆక్సిజన్. అది తేల్ పక్కన ఊరికే కూర్చోదు, దాన్ని పట్టుకుంటుంది. దమ్ కోసం పంపిన గాలి లోపల ఇంకో పని కూడా చేయగలదని, కావాలనే తేల్‌ని మండించి ఆ వేడితో మిగతా తేల్‌ని తోయొచ్చని అమెరికాలో వోల్కాట్, హోవర్డ్ అనే ఇద్దరు వేర్వేరుగా అర్జీలు పెట్టుకున్నారు. ఇద్దరికీ 1923లోనే పేటెంట్లు దక్కాయి. అయితే కాగితం మీది మంట వేరు, రాతి లోపలి మంట వేరు. మైదానంలో హిమ్మత్ చేసింది సోవియట్ రష్యా వాళ్ళు. 1930లలో షైన్‌మన్, దుబ్రోవాయ్ అనే ఇంజనీర్లు, తీయగలిగినంత తీసేసిన తేల్ పొరల్లో నిప్పు పెట్టి, గాలి పంపి, ఏం వస్తుందో చూశారు. మెండలీవ్ బొగ్గుకి చెప్పిన సబక్‌ని వీళ్ళు తేల్‌కి చదివారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా కంపెనీలు దీన్ని సీరియస్‌గా తీసుకున్నాయి. 1953లో మాగ్నోలియా కంపెనీ తరఫున కూన్, కోచ్ అనే ఇద్దరు ఓక్లహామాలో తాము చేసిన తజుర్బా గురించి రాశారు. మరుసటి ఏడాది గ్రాంట్, సాస్ అనే ఇంకో జోడీ, భూమి లోపల వేడి ఒక అలలా ముందుకి నడుస్తుందని చూపించింది. 1956లో కాలిఫోర్నియాలోని సౌత్ బెల్‌రిడ్జ్‌లో జనరల్ పెట్రోలియం కంపెనీ ఇంకో పెద్ద తజుర్బా చేసింది.

ప్రయోగశాలలో వాళ్ళ ముఖ్యమైన ఆలా ఒక ఉక్కు గొట్టం. దాన్ని ఇసుకతో, తేల్‌తో, కొంచెం నీటితో నింపుతారు. ఒక కొసన వేడి చేసి గాలి వదులుతారు. పొడవునా ఉష్ణోగ్రత కొలిచే తీగలుంటాయి. మంట ఒక కొస నుంచి ఇంకో కొసకి ఎట్లా పాకుతుందో, ముందు ఏం పోతుందో, వెనక ఏం మిగులుతుందో గొట్టంలో కనిపిస్తుంది. అసలు బావిలో ఆ మంట రోజుకి కొన్ని సెంటీమీటర్లే నడుస్తుంది. చీమ కూడా నవ్వుతుంది ఆ చాల్ చూసి.

ఆ మంట ఎట్లా పనిచేస్తుందో వరసగా చెప్తాను. గాలి పంపే బావి దగ్గర నిప్పు రాజుకుంటుంది. కొన్నిచోట్ల బర్నర్‌తో రాజేస్తారు. కొన్ని పొరల్లో గాలి పంపుతూ ఉంటే, తేల్ మెల్లగా ఆక్సిజన్ పట్టుకుంటూ తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. మంట ముందున్న వేడికి తేల్‌లోని తేలిక భాగాలు ఆవిరై ముందుకి పోతాయి. బరువు భాగాలు విరిగిపోయి, చివరికి ఇసుకకి నల్లటి పెచ్చులా అంటుకుంటాయి. దాన్నే కోక్ అంటారు. మాడిన దేగ్ అడుగున మిగిలే నలుపు లాంటిదనుకోండి. మంటకి అసలు ఖురాక్ ఆ కోకే. మంచి తేల్ ముందుకి పారిపోతుంది, మాడిన అడుగు కాలుతుంది. లోపల ఉన్న తేల్‌లో సుమారు పదో వంతు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ, ఈ మంటకి బలి. ఆ వేడికి నీరు ఆవిరవుతుంది. ఆవిరి, వేడి గ్యాసులు కలిసి పల్చబడ్డ తేల్‌ని దూరంగా ఉన్న ఇంకో బావి వైపు తోస్తాయి. పదో వంతు సద్‌కా ఇచ్చి మూడు నాలుగు వంతులు తెచ్చుకునే సౌదా.

ఇంతవరకు వింటే చాలా ఆసాన్‌గా ఉంది కదా? కానీ చాలా కంపెనీలు ఇక్కడే మార్ తిన్నాయి. ఎందుకంటే తేల్‌ని ఆక్సిజన్ పట్టుకోవడం ఒక్క రకం కాదు, రెండు రకాలు.

మీ ఇంట్లో పూరీలు వేయించే ఇనప కఢాయి అంచు చూడండి. అక్కడ నూనె పసుపు రంగులో, బంక బంకగా పేరుకుని ఉంటుంది, సబ్బుతో ఎంత రుద్దినా వదలదు. ఆ నూనె మండలేదు. తక్కువ వేడిలో, గాలి తగులుతూ, మెల్లగా ఆక్సిజన్‌ని తనలో కలుపుకుని చిక్కబడి బంకైంది. అదే నూనె పొయ్యిలో పడితే భగ్గున మండి పొగై పోతుంది. నూనె ఒకటే, గాలి ఒకటే, కానీ అంజామ్ వేరు.

ముడి తేల్‌ది కూడా దాదాపు ఇదే హాల్. సుమారు 300 డిగ్రీల లోపు వేడిలో ఆక్సిజన్ వచ్చి తేల్ అణువుల్లో కూర్చుంటుంది, వాటిని పూర్తిగా విరగ్గొట్టదు. పెరాక్సైడ్లు, ఆల్డిహైడ్లు, కీటోన్లు, ఆమ్లాలు పుడతాయి. తేల్ ఇంకా బరువెక్కుతుంది, ఇంకా చిక్కబడుతుంది. పల్చన చేద్దామని వెళ్ళినవాళ్ళు గట్టిపరిచి వచ్చినట్టు! 350 డిగ్రీలు దాటితే రెండో రకం మొదలవుతుంది. అక్కడ ఆక్సిజన్ కార్బన్‌ని, హైడ్రోజన్‌ని విడగొట్టి కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరిగా మారుస్తుంది. అసలైన మంట ఇదీ. మనకి కావలసిన వేడి ఇక్కడే పుడుతుంది.

ఈ రెండింటి మధ్యలో ఒక గుంత ఉంది. భారీ తేల్‌లో ఈ మధ్య ప్రాంతంలో వేడి పెరిగేకొద్దీ ఆక్సిజన్ పట్టుకోవడం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. మంట ఆ గుంతని ఒక్క ఊపున దాటితే పైకి ఎక్కుతుంది. దాటలేకపోతే ఈవలే కూర్చుండిపోతుంది. అప్పుడు మనం పంపే గాలి అంతా తేల్‌ని చిక్కబరచడానికే ఖర్చవుతుంది. షెల్ కంపెనీ పరిశోధకుడు తడేమా 1959లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ పెట్రోలియం కాంగ్రెస్‌లో భూగర్భ మంట తీరు గురించి సమర్పించిన పత్రం ఈ ఇల్మ్‌కి పునాదుల్లో ఒకటి. తర్వాత కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీలో గోర్డన్ మూర్, రాజ్ మెహతా తమ షాగిర్దులతో కలిసి దశాబ్దాల తరబడి ఆ ఉక్కు గొట్టాల ముందే కూర్చుని, భారీ తేల్ విషయంలో ఈ గుంత ఎంత లోతైనదో చూపించారు. వాళ్ళ పని నుంచి నేను నేర్చుకున్న సబక్ ఒకటే: గాలి ఇస్తే నిండుగా ఇవ్వాలి. అరకొర గాలి అసలు ఇవ్వకపోవడం కన్నా చెడ్డది.

ఈ సబక్ ఆలస్యంగా అందింది. 1950లు, 60లలో అమెరికాలోనే వందకు పైగా చోట్ల నిప్పు పెట్టారు. చాలా చోట్ల మధ్యలోనే ఆపేశారు. గాలి కుదించడానికే ఖర్చంతా. అందుకని చాలామంది చిన్న కంప్రెసర్లతో, తక్కువ గాలితో కానిచ్చేద్దామనుకున్నారు. పొర సరైనది కాకపోవడం ఇంకో వజా. తేల్ సగం సగం ఆక్సిజన్ పట్టి చిక్కబడింది. అందులో పుట్టిన ఆమ్లాలు పైపుల్ని తినేశాయి. తేల్, నీళ్ళు విడదీయలేనంతగా కలిసిపోయాయి. "ఈ తరీఖా పనికిరాదు" అని ఫైళ్ళు మూసేశారు.

దాని పైన ఒక రఖీబ్ కూడా పుట్టుకొచ్చాడు. తడేమా పత్రం చదివిన 1959లోనే, వెనెజువెలాలోని మెనె గ్రాందేలో షెల్ వాళ్ళు భూమిలోకి ఆవిరి పంపి చూస్తున్నారు. ఒత్తిడి ఎక్కువై ఆవిరి నేల చీల్చుకుని పైకి చిమ్మింది. భయపడి దమ్ తగ్గించడానికి ఆవిరి పంపే బావినే తెరిచారు. ఆశ్చర్యం! ఆ బావి నుంచే తేల్ ధారగా వచ్చింది. కొన్నాళ్ళు ఆవిరి పంపు, కొన్నాళ్ళు ఆగు, అదే బావి నుంచి తోడు అనే పద్ధతి అట్లా హాదసాలోంచి పుట్టింది. ఆవిరిని పైనున్న బాయిలర్ దగ్గర కంట్రోల్ చేయొచ్చు. లోపలి మంట అట్లా చేతికి చిక్కదు. కంపెనీలన్నీ ఆవిరి వైపు మళ్ళాయి. కాకపోతే ఆవిరికీ ఒక హద్దుంది. బావి లోతు పెరిగేకొద్దీ దారిలోనే వేడి పోతుంది. గాలికి ఆ ఫికర్ లేదు, చల్లగానే వెళ్తుంది, వేడి అడుగున పుడుతుంది.

సబ్ర్ చేసినవాళ్ళకి ఏం దక్కిందో చూడాలంటే రొమేనియా వెళ్ళాలి. వాయవ్యాన బిహోర్ జిల్లాలో సుప్లాకు దె బర్కావ్ అనే చిన్న ఊరు. అక్కడ తేల్ పొర మరీ లోతు కాదు, 35 మీటర్ల నుంచి 200 మీటర్ల దాకా. మామూలుగా తోడితే వందకి తొమ్మిది పాళ్ళు వస్తాయని లెక్క. 1964లో చిన్న తజుర్బాగా మంట మొదలుపెట్టారు. తొందరపడలేదు. చిన్న ముక్క, తర్వాత కొంచెం పెద్ద ముక్క, తర్వాత మొత్తం పొర. 1979 నుంచి బావుల్ని ఒక వరసలో పెట్టి, పది కిలోమీటర్ల పొడవైన మంటని పొర ఎగువ నుంచి దిగువకి నడిపించారు. తొమ్మిది పాళ్ళు అనుకున్న చోట యాభై దాటి ఆశించే స్థితికి తెచ్చారు. ఆ మంట వెలిగి అరవై ఏళ్ళు. నా వయసు కన్నా దాని వయసు ఎక్కువ.

ఇక మామూ ఇలాఖా. ఉత్తర గుజరాత్‌లో మెహసానా చుట్టూ బాలోల్, సంథాల్, లన్వా పేర్లతో భారీ తేల్ క్షేత్రాలున్నాయి. పొర సుమారు వేయి మీటర్ల లోతున, అంటే ఆవిరికి కష్టమైన లోతున. పక్కనుంచి నీరు బలంగా తోసుకొస్తుంది. చిక్కటి తేల్ కన్నా పల్చటి నీరు ముందు పరిగెత్తుతుంది కాబట్టి బావుల్లోకి నీళ్ళే ఎక్కువ వస్తాయి. మామూలుగా తోడితే దక్కేది సుమారు పదమూడు పాళ్ళు. ఓఎన్‌జీసీ 1990లో బాలోల్‌లో ఒక చిన్న ముక్కలో నిప్పు పెట్టి చూసింది. అది కుదిరాక 1997లో బాలోల్, సంథాల్ క్షేత్రాల్లో పెద్ద ఎత్తున మొదలైంది. దక్కేది మూడు రెట్లవుతుందని ఆశ. మా మామూ చెప్పింది ఝూట్ కాదన్నమాట. నానీ మాత్రం ఆఖరి దాకా నమ్మలేదు.

మామూ చెప్పిన చిన్న చిన్న సంగతులు ఇప్పుడు నాకు ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి. గాలి కంప్రెసర్లలో మామూలు నూనె వాడనివ్వరని, ఖరీదైన సింథటిక్ నూనే పోయాలని ఆయన అనేవారు. ఒత్తిడిలో ఉన్న వేడి గాలికి మామూలు నూనె తగిలితే పైపులోనే ఆక్సిజన్ పట్టి పేలిపోగలదు. భూమి లోపల జరగాల్సింది పైన పైపులోనే జరిగిపోతుంది. కంప్రెసర్ ఆగితే ముందు చూడాల్సింది, లోపలి తేల్, గ్యాసు వెనక్కి తన్ని గాలి బావిలోకి రాకుండా ఉండటం అనేవారు. ఆ తర్వాత బావుల నుంచి వచ్చే గ్యాసు లెక్క. కార్బన్ డయాక్సైడ్ ఎంత, ఆక్సిజన్ ఎంత అని ల్యాబ్ వాళ్ళు కాగితం పంపేవారు. నైట్రోజన్ ఎవరితోనూ కలవదు కాబట్టి దాన్ని బట్టి లోపలికి ఎంత ఆక్సిజన్ పోయిందో లెక్కకడతారు. అందులో ఎంత కార్బన్‌తో కలిసి బయటికొచ్చిందో చూస్తారు. మిగిలిందంతా హైడ్రోజన్‌తో కలిసి నీరైందనుకుని, కాలిన ఇంధనంలో హైడ్రోజన్‌కి కార్బన్‌కి మధ్య నిష్పత్తి తీస్తారు. అది ఒకటికి రెండుకి మధ్య ఉంటే లోపల అసలు మంట ఉన్నట్టు. మూడు దాటితే ఆక్సిజన్ కాలకుండా తేల్‌లోనే కూర్చుంటున్నట్టు. ఎవరూ చూడని మంటకి ఆ ఒక్క అంకె నబ్జ్ లాంటిది. నాడి పట్టి చూసే హకీమ్‌లాగా.

ఆ అంకె గురించే మామూకి ఒక బాధ ఉండేది. తను పనిచేసిన ఒక చోట, తన చేతుల మీదుగా విప్పి బిగించిన కంప్రెసర్ ఒక ఎండాకాలంలో పదే పదే ఆగిపోయింది. వారాల తరబడి గాలి సరిగ్గా పోలేదు. తర్వాత ఒక బావి నుంచి వచ్చే తేల్ ముందుకన్నా చిక్కబడింది, గ్యాసు కాగితాలు పాడయ్యాయి. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదట. ఆయనే అనుకున్నారు. "గాలి తక్కువైతే మంట చిన్నదవుతుంది, అంతే అనుకున్నా. తేల్ ఎందుకు చెడింది బేటా? నేను ఏం గల్తీ చేశాను?" అని అడిగారొకసారి. నా దగ్గర జవాబ్ లేదు.

జవాబ్ దొరికాక, పోయినేడాది వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతున్నారు. మీ కంప్రెసర్ ఒక్కటే కారణమని చెప్పలేం మామూ, ఆ తేల్ ఖస్లతే అంత అన్నాను. మంట గుంత దాటి కిందికి జారితే గాలి దాని దుష్మన్ అవుతుందని, పెద్ద పెద్ద కంపెనీలు ఈ సంగతి తెలుసుకోడానికి ఎన్నో ఏళ్ళు, ఎన్నో బావులు పోగొట్టుకున్నాయని చెప్పాను. కఢాయి అంచు చూపించాను. ఆయన చాలాసేపు ఆ అంచునే చూశారు.

ఇప్పుడు నా సవాల్ కూడా చెప్పాలి. కాలిన ఆ పదో వంతు ఎక్కడికి పోతుంది? కార్బన్ డయాక్సైడ్‌గా మారి చాలా భాగం బావుల గుండా పైకే వస్తుంది. పైకి తెచ్చిన తేల్ మళ్ళీ మన మోటార్లలో కాలుతుంది. ఎండలు ఏటేటా ముదురుతున్న ఈ జమానాలో ఇది ఫాయిదా సౌదానా? లోపలున్న తేల్ అంతా తీసి తీరాలనే జిద్ నాకు నచ్చదు. అలాగని మామూ లాంటివాళ్ళ మేహనత్‌ని గుంజీసుకుని, ఆ తేల్‌తో తిరిగిన బస్సెక్కి బడికెళ్ళిన నేను, దాన్ని తప్పుపట్టి చేతులు దులుపుకోలేను. లెనిన్ బొగ్గు గురించి అడిగిన సవాలే తేల్‌కి కూడా వర్తిస్తుంది. వేడి ఎవరికి, పొగ ఎవరికి? అది తేలాల్సింది మన మధ్యనే, ల్యాబ్‌లో కాదు.

వచ్చేటప్పుడు మామూ గుమ్మం దాకా వచ్చారు. "అంటే ఆ మంట ఆరిపోలేదన్నమాట. దానికి దమ్ చాలక తేల్‌నే పాడు చేసింది" అన్నారు. అవునన్నాను. "మరి ముందే ఎవరూ చెప్పలేదే మాకు. గాలి ఎంత పంపాలో చెప్పారు గానీ, ఎందుకో చెప్పలేదు" అన్నారు.

ఇది రాయడానికి కారణం ఆ ఆఖరి మాటే. కంప్రెసర్ దగ్గర నిలబడ్డవాడికి కూడా ఆ 'ఎందుకు' తెలియాలి.